నీళ్లు తాగిన పడవ

"పడవ సంగతా? సోమరాజునడగండి" అనేవారు కొల్లేటి లంకల్లో. పెళ్లివారు రావాలన్నా, నొప్పులు పడే మనిషిని ఏలూరు ఆసుపత్రికి దాటించాలన్నా, పసిపిల్లల తల్లులు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి బయల్దేరాలన్నా ముందు తొక్కేది ఆయన గడపే. రేవులో ఆరు పడవలుంటే ఆరింటి చుట్టూ ఓ చుట్టు తిరిగి, "ఇదెక్కండి. పిల్లలతో అది మాత్రం ఎక్కకండి" అని ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకి తిరుగులేదు. వద్దన్న పడవ తాలూకు మనిషి కూడా ఎదురు చెప్పేవాడు కాదు. మర్నాడు దాన్ని ఒడ్డుకి లాగించి సందుల్లో నార కూరుకునేవాడు.

అటువంటి సోమరాజుకి ఇప్పుడు పొద్దున్నే లేచి చేసే పని ఒక్కటే మిగిలింది. ఇంటి వెనక ఒడ్డున పెట్టిన తన పడవలో ఇరవై బిందెల నీళ్లు పోయడం.

చెక్క పడవ నీళ్లలో ఉన్నంత కాలం చెక్క ఉబ్బి సందులు బిగిసి ఉంటాయి. ఒడ్డున పడేసి ఎండనిస్తే చెక్క కుంచించుకుపోయి సందులు నోళ్లు తెరుస్తాయి. దాన్ని అలాగే నీళ్లలోకి తోస్తే గడియ తిరక్కుండా అడుక్కి చేరుతుంది. అందుకని కొల్లేటివాళ్లు పని లేని పడవని కూడా తడి ఆరనివ్వరు. "నీళ్లు తాగిన పడవ మునగదు. దాహంతో ఉన్న పడవే మనిషిని మింగుద్ది" అని సోమరాజు తండ్రి చెప్పేవాడు. ఆ తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు.

పడవ ఒడ్డెక్కి రెండేళ్లవుతోంది. ముందు లంకకి రోడ్డు పడింది, ఆటోలు వచ్చాయి. తరవాత రెండువేల ఆరు ఎండల్లో సర్కారువారు వచ్చి, సరస్సుని ఆక్రమించాయంటూ చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సొసైటీ చెరువులో సోమరాజు వాటా ఆ బురదలోనే కలిసిపోయింది. కొల్లేరు బాగుపడుతుందన్నారు. బాగుపడిందో లేదో పిట్టలకి తెలియాలి. రేవులో మాత్రం గుర్రపుడెక్క తప్ప మరేమీ లేదు.

"ఇంత దూరం మోసుకొచ్చి దీనికి పోస్తారు గాని, ఆ నాలుగు బెండమొక్కలకి ఒక్క చెంబు పోయరు కదండీ" అనేది భార్య దుర్గమ్మ.

"బెండకాయలేవన్నా మనుషుల్ని దాటిస్తాయేంటే?"

"ఇదేవన్నా దాటిస్తందేంటి ఇప్పుడు?"

సోమరాజు ఖాళీ బిందె తీసుకుని మళ్లీ కాలవ వైపు నడిచేవాడు.

జవాబు లేకపోయినా చరిత్ర ఉంది. ఎవరు కదిపినా, కదపకపోయినా చెప్పేవాడు. లంక బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఐదిట్లోనూ మొదటివాడుగా నిలిచిన సంగతి ముందు. పన్నెండో ఏట పడవ తోసే గడ పట్టిన సంగతి తరవాత. ఆనాటి నుంచి నలభై తొమ్మిదేళ్లు పడవ నడిపాడు. ఎక్కిన మనిషి చీర కుచ్చెళ్లు తడవలేదు. తమ్మిలేరు పొంగిన ఏడాది ఒక్క రాత్రిలో అరవై ముగ్గుర్ని ఇళ్ల కప్పుల మీద నుంచి దించాడు. అందులో ఇరవై ఆరుగురు పిల్లలు. ఒకామె ఆ పడవలోనే ప్రసవించింది. ఎనిమిది ఎన్నికలకి ఓట్ల పెట్టెలు తెచ్చి, పట్టికెళ్లి అప్పగించాడు. ఒక్క కాగితం చెమ్మగిల్లలేదని తాసిల్దారుగారు సంతకం చేసి ఇచ్చిన కాగితం ఫ్రేము కట్టి గుమ్మానికెదురుగా వేలాడుతోంది. ఇదంతా చెప్పడానికి గంట పట్టేది. వినేవాళ్లకి కంఠతా వచ్చు. అయినా వినేవారు, ఎందుకంటే చివర్లో ఆయన చెప్పే ఒక్క మాట వాళ్లకి కావాలి: ఏ పడవ ఎక్కాలి?

రోడ్డు పడ్డాక ఆ మాట అడిగేవాళ్లు లేరు.

కార్తీకమాసం ప్రవేశించిన వారానికి కూతురు కుమారి, అల్లుడు మోహన్ తాడేపల్లిగూడెం నుంచి వచ్చారు. మోహన్ అక్కడ మోటారు సామాన్ల కొట్లో పని చేస్తాడు. నాలుగేళ్ల పిల్ల బుజ్జి, ఇంకా అడుగులు తడబడే చంటాడు. భోజనాలయ్యాక మోహన్ సంచీలోంచి రెండు రంగురంగుల కరపత్రాలు తీసి చాప మీద పరిచాడు.

"పాపికొండలు వెళ్దామనుకుంటున్నామండి మావయ్యగారూ. పోలవరం దగ్గర లాంచీ ఎక్కడం. రెండు కంపెనీలున్నాయంట. ఇది స్వర్ణ మయూరి, రెండంతస్తులు. ఇది గౌతమీ బాల, చిన్నదండి. నాకైతే మయూరే బావుందండి. పిల్లలు పడిపోకుండా చుట్టూరా వల కడతారంట. పాలు కాచి ఇస్తారంట."

"పాలు తాగడానికి పాపికొండలెందుకండీ అల్లుడుగారూ, గూడెంలో గేదెల్లేవా?" అన్నాడు సోమరాజు. దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మోహన్ కూడా నవ్వాడు, మంచివాడు కనుక.

కుమారి మాత్రం నవ్వలేదు. మోహన్ లేచి పెరట్లోకి వెళ్లాక తండ్రి దగ్గరగా జరిగింది.

"నాన్నా, నాకు భయంగా ఉంది. ఈడు ఒళ్లో నిలవడు. బుజ్జికి కాలు నిలవదు. ఈయనేమో మయూరికి డబ్బు కట్టేస్తానంటున్నారు. నేనే ఆపాను. మా అత్తగారి ముందు మాటన్నాను, మా నాన్న చూసి చెప్పిన పడవైతేనే నా పిల్లల్ని ఎక్కిస్తానని. ఆవిడ ఏవందో తెలుసా? గుంటలో పడవ తోసిన మనిషికి గోదారి సంగతేం తెలుస్తదీ అంది."

సోమరాజు ఫ్రేములోని కాగితం వైపు చూశాడు. రెండేళ్లుగా ఎవరూ అడగని మాట, కన్నకూతురు అడిగింది. ఛాతీలో ఏదో పాత దీపం మళ్లీ వెలిగినట్టయింది.

"నే వచ్చి చూస్తానమ్మా. కాయితాలు చూసి చెప్పేది కాదు అది."

మూడో నాడు తెల్లారగట్ల బస్సెక్కి, కొవ్వూరులో మారి, అల్లుడితో కలిసి పోలవరం రేవు చేరాడు. ఇస్త్రీ పంచె, భుజాన కొత్త తువ్వాలు. రెండు లాంచీలూ పక్కపక్కనే కట్టి ఉన్నాయి.

ముందు స్వర్ణ మయూరి ఎక్కాడు. తెల్లరంగు, పైన ఇంకో అంతస్తు, పాటల పెట్టెలు. నీలం చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్లు వచ్చి, "రండి తాతగారూ, ఈ లైఫు జాకెట్టు వేసుకోవాలండి" అన్నారు. వాళ్ల అరచేతులు చూశాడు. మెత్తగా ఉన్నాయి. నేల మీది మూత ఎత్తించి అడుగుకి తొంగి చూశాడు. పొడిగా, తుడిచిన పళ్లెంలా ఉంది. పెదవి విరిచాడు.

"తల బరువు. అడుగు ఎండు. పెళ్లికూతురికి ముస్తాబు చేసినట్టు చేశారు గాని, దీనికి దాహం అల్లుడుగారూ."

"పిల్లల సైజు జాకెట్లు కూడా ఉన్నాయండి మావయ్యగారూ, చూశారా?"

"జాకెట్టు తొడుగుతున్నాడంటేనే పడవ మీద వాడికి నమ్మకం లేదని."

గౌతమీ బాల ఎక్కగానే మొహం విప్పారింది. నేలంతా చెక్క. కిటికీలు చెక్క. స్తంభాలు పాత టేకు, చేతులు రాసుకుని రాసుకుని నునుపెక్కాయి. దాన్ని నడిపే సరంగు జోగారావు తన ఈడువాడు, అరచేతుల్లో కాయలు కాసిన మనిషి. సోమరాజు నేల చెక్క ఒకటి ఎత్తమన్నాడు. అడుగున జానెడు నీళ్లు, నల్లగా, నిశ్చలంగా.

"నీళ్లుంటాయండి కాస్త. రోజూ తోడతాం" అన్నాడు జోగారావు, ఎటో చూస్తూ.

"ఉండాలండీ! నీళ్లు తాగిన పడవ మునగదు. మాకు తెలీదేంటి?" అని సోమరాజు ఆయన భుజం తట్టాడు. ఆపైన తమ్మిలేరు పొంగిన ఏడాది మొదలుపెట్టాడు. అరవై ముగ్గురు మనుషులూ, ఎనిమిది ఎన్నికలూ అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. జోగారావు ఒకట్రెండు సార్లు ఏదో చెప్పబోయి, సందు దొరక్క ఊరుకున్నాడు. పైన చెక్క చూసి అడుగూ చెక్కే అనుకున్నాడు సోమరాజు. దేంతో చేశారయ్యా అని అడగలేదు. పడవ గురించి ఆయన ఇంకొకర్ని అడగడమా!

"ఇదే" అన్నాడు అల్లుడితో. "కళ్లు మూసుకుని పిల్లల్ని ఎక్కించండి. పూచీ నాది."

మోహన్ ఇంకోసారి మయూరి వైపు చూసి, మామగారి మాటకి తలూపాడు.

ఆదివారం పొద్దున్న అందరూ బయల్దేరారు. దుర్గమ్మ రానంది, "నేను కొల్లేట్లో చూసిన నీళ్లు చాలు నాకు" అని. గౌతమీ బాలలో నలభై మంది ఉంటారు, కార్తీక భోజనాలవాళ్లే ఎక్కువ. సోమరాజు ముందు బల్ల మీద, బుజ్జిని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కుమారి చంటాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుంది. మొహంలో బెదురు పోయింది. లాంచీ కదిలాక తండ్రి వైపు చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు సోమరాజుకి తాసిల్దారుగారి కాగితం కన్నా ఎక్కువ.

గండిపోచమ్మ గుడి దాటారు. కొండలు దగ్గరికొచ్చాయి. గోదారి ఇరుకై, పచ్చగా, నల్లగా మారింది.

"ఇక్కడెంత లోతుంటాదండీ?" అనడిగాడు సోమరాజు ఒక సరదాకి.

"గడ అందదండి ఇక్కడ. రెండు గడలు కట్టినా అందదు" అన్నాడు జోగారావు.

ఆ మాట ఎందుకో ఆయనకి నచ్చలేదు. కొల్లేట్లో పడవ మునిగినా మనిషి లేచి నిలబడతాడు, రొమ్ముల్లోతు. అడుగు లేని నీళ్ల మీద తన బతుకులో మొదటిసారి కూర్చున్నానని అప్పుడు తట్టింది.

కాసేపటికి బుజ్జి, "తాతా, నా కాలు తడిసింది" అంది.

సోమరాజు వంగి చూశాడు. చెక్కల సందుల్లోంచి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. పల్చగా, నెమ్మదిగా, ఏమీ కానట్టు. ముందు ఆయనకి అది నీళ్లని మనసుకెక్కలేదు. ఎక్కేసరికి వెనక ఇంజను దగ్గర ఎవరో అరిచారు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఆడవాళ్లు కేకలు పెట్టారు. జోగారావు చుక్కాని విరగదిప్పి, ఉన్న వేగం మీదే ఒడ్డు వైపు పోనిచ్చాడు. లాంచీ ఒక పక్కకి ఒరుగుతూ పోయి పోయి, ఇసకతిప్ప కొసన రాళ్లకి కొట్టుకుని నిలిచింది. ఒడ్డుకి ఇంకా పది బారలుంది. నడుం లోతు నీళ్లు, లాగేసే నీళ్లు. కప్పుకి కట్టిన జాకెట్ల ముడులు ఊడలేదు. ఊడినవి పెద్దవాళ్లవి, పిల్లల తలల మీదుగా జారిపోయాయి.

వెనక వస్తున్న స్వర్ణ మయూరి అది చూసి దగ్గరకొచ్చింది. నీలం చొక్కాల కుర్రాళ్లు జాకెట్లతో నీళ్లలోకి దూకి, తాడు పట్టి వరస కట్టారు.

సోమరాజు అప్పటికే దిగాడు. నడుం దాకా నీళ్లలో నిలబడి, ఒక చేత్తో లాంచీ అంచు పట్టుకుని, రెండో చెయ్యి చాపాడు. ఇది ఆయనకి తెలిసిన పని. ఇరవై ఆరుగురు పిల్లల్ని ఇలాగే దించాడు.

"ఇలా ఇయ్యమ్మా చంటాణ్ణి. ఇటియ్యి."

కుమారి అంచున కూర్చుని ఉంది. చంటాడు గుక్క పట్టి ఏడుస్తున్నాడు. ఆమె తండ్రి చాపిన చేతి వైపు చూసింది. చూసి, చంటాణ్ణి ఆయన తల మీదుగా వెనకున్న నీలం చొక్కా కుర్రాడికి అందించింది. తరవాత బుజ్జిని కూడా. తరవాత తాను కూడా ఆ కుర్రాడి చెయ్యే పట్టుకుని దిగింది.

సోమరాజు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కామె ఎవరో దాన్ని పట్టుకుని దిగి, "పెద్దాయనా, జరుగు" అంది.

ఎవరికీ ఏమీ కాలేదు. నలభై మందీ తడిశారు, అంతే. ఇసకతిప్ప మీద జోగారావు తల పట్టుకు కూర్చుని ఉన్నాడు. సోమరాజు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అడుగున నీళ్లు చేరుతున్నాయని తెలిసీ చెప్పలేదేమయ్యా?"

"చెప్పబోయానండి, మీరు చెప్పనిస్తే గదా. నీళ్లు తాగిన పడవే మంచిదని మీరే అంటిరి. పెద్దోరు, తెలిసినోరు, ఇంకేం చెప్పను?" జోగారావు తల ఎత్తలేదు. "ఇనప పడవ నీళ్లు తాగదండి బాబూ. తుప్పు తినేసి కారుద్ది. రేకు మార్చమని ఓనరుకి ఏడాది నుంచి చెబుతున్నా."

"ఇనపదా?"

"అడుగంతా ఇనపదేనండి. పైనే చెక్క."

సోమరాజు ఒరిగి ఉన్న లాంచీ వైపు తిరిగాడు.

మయూరిలో అందరికీ తువ్వాళ్లు ఇచ్చారు. పిల్లలకి పాలు కాచి ఇచ్చారు. బుజ్జికి సరిపోయే ఎర్ర జాకెట్టు తొడిగితే అది ఏడుపు మాని, వల సందుల్లోంచి నీళ్లు చూస్తూ కూర్చుంది. ఒక కుర్రాడు సోమరాజుకి కూడా జాకెట్టు తెచ్చి, తాళ్లు బిగించాడు. ఆయన వద్దనలేదు. నలభై తొమ్మిదేళ్లలో మొదటిసారి.

మోహన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "పర్లేదండి మావయ్యగారూ. ఎవరికైనా పొరపాటు వస్తదండి. పిల్లలు బానే ఉన్నారు కదా."

తిట్టి ఉంటే బాగుండేది. నీ మూలాన నా పిల్లలు పోయేవారని చొక్కా పట్టుకుని ఉంటే, కనీసం తప్పు చేసిన మగాడిలా తల వంచుకునేవాడు. ఆ మెత్తని మాటకి ఏం చెయ్యాలో తెలియలేదు. కుమారి అవతలి బల్ల మీద చంటాణ్ణి గుండెకి అదుముకుని అటు తిరిగి కూర్చుంది. రేవు చేరే దాకా ఇటు తిరగలేదు. గూడెంలో అత్తగారికి ఏం చెబుతుందో సోమరాజుకి తెలుసు. ఏమీ చెప్పదు. ఆవిడే అంటుంది. కుమారి వింటుంది.

ఇంటికొచ్చాక దుర్గమ్మకి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె వేళాకోళం చెయ్యలేదు. అన్నం పెట్టి, మజ్జిగ పోసి, పక్కన కూర్చుంది. దానికి ఆయనకి ఇంకా భయం వేసింది.

మర్నాడూ పడవకి నీళ్లు పోశాడు. ఆ మర్నాడూ పోశాడు. చరిత్ర చెప్పడం మాత్రం ఆగింది. ఎక్కడ మొదలుపెట్టినా చివర నీళ్లలో చాపిన ఆ ఖాళీ చెయ్యి వచ్చి నిలుస్తోంది. అరవై ముగ్గుర్ని దించిన చెయ్యీ అదే కదా అని ఒక్కోసారి సర్దిచెప్పుకునేవాడు. ఆ అరవై ముగ్గురూ తన నేర్పు వల్ల బతికారా, కొల్లేరు లోతు లేనిది కాబట్టి బతికారా అన్న అనుమానం అప్పుడు పుట్టింది. అది పుట్టాక ఇక నిద్ర లేదు.

మాఘంలో కుమారి పిల్లలతో ఒక పూటకి వచ్చింది. తండ్రితో మామూలుగానే మాట్లాడింది. ఆరోగ్యం, మందులు, కళ్ల పరీక్ష. బుజ్జి ఆడుకుంటూ ఇంటి వెనక్కి పోయి, ఒడ్డున ఉన్న పడవలోకి ఎక్కి, పాదాలు మునిగే నీళ్లలో చిందులేస్తోంది. సోమరాజు పెరటి అరుగు మీద నుంచి చూస్తున్నాడు. చాలా రోజుల తరవాత మొహాన నవ్వు లాంటిది రాబోయింది.

కుమారి పరుగున వచ్చింది.

"దిగవే! దిగు ముందు. తాతయ్య పడవ ఎక్కొద్దని చెప్పానా?"

"నేల మీదే ఉంది కదే" అంది దుర్గమ్మ.

"ఉంటే ఉంది" అని పిల్ల రెక్క పట్టి దించింది. దించాక తండ్రి అరుగు మీద ఉన్నాడని చూసి, కుమారి మొహం మాడిపోయింది. పిల్ల పాదాలు కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి సోమరాజు బిందె ముట్టుకోలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు దుర్గమ్మే నీళ్లు తెచ్చి పడవ దగ్గర పెట్టింది.

"పోస్తారా?"

"బెండమొక్కలకి పొయ్యి" అన్నాడు.

ఫాల్గుణం వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒకనాడు బడిపంతులు యేసుదాసు ఇంటికొచ్చాడు. ఆ ఏడే లంక బడికి బదిలీ మీద వచ్చిన మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు.

"సోమరాజుగారూ, పిల్లలు పిట్టల్ని చూపించమని గోల పెడుతున్నారండి. రేవులోకి కొత్తగా రెండు పడవలొచ్చాయంట. ఊళ్లో ఎవర్నడిగినా మిమ్మల్నే అడగమన్నారు. పిల్లలతో ఏదెక్కమంటారు?"

ఊళ్లోవాళ్లు ముందే చెప్పి పంపారు కాబోలు, గంట పడుతుందని. పంతులు అరుగు మీద సర్దుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు, వినడానికి.

సోమరాజు ఇంటి పక్క సందులోంచి వెనక్కి చూశాడు. ఇంటి వెనక పడవ ఎండలో తెల్లబారి ఉంది. వేలు పట్టేటంత చెక్కల సందుల్లోంచి అవతలి నేల కనిపిస్తోంది.

"రోడ్డుంది కదండీ మేస్టారూ" అన్నాడు. "ఆటోలో వెళ్లండి."

పంతులు ఇంకా ఏదో చెబుతాడని చూశాడు. సోమరాజు లేచి లోపలికి వెళ్లాడు.